అర అంగుళం

“నీకే అట్ల అనిపిస్తుంది బిడ్డా, భయానికి” అన్నాడు ప్రభుదాస్. అని ఫోను పెట్టేశాడు. పెట్టేసినప్పుడు గోడ గడియారంలో పదీ అయిదు, ఇప్పుడు పదీ పది, ఈ అయిదు నిమిషాలూ ఆయన రంపం బల్ల మీద అరచేతులు ఆనించి నిలబడే ఉన్నాడు, కూర్చుంటే ఆ మాట కూడా వచ్చి పక్కన కూర్చుంటుందేమో అన్నట్టు. బిడ్డ ఏమడిగింది? కసురుకోలేదు, నింద వెయ్యలేదు, పక్కవాళ్ళకు వినపడకుండా మెల్లగా అడిగింది. “నాన్నా, ఈడ వరండాల పాత పియానో ఒకటుంది, ఊకె చెయ్యి పెట్టి చూసిన. మెట్లు వెడల్పున్నట్టు కొడుతున్నయ్. మనయి సన్నగున్నయా? నువ్వు పియానో కొలతనే పెట్టినవ్ గదా?” పియానో కొలతనే, అన్నాడు. హరనాథబాబు ఇచ్చిన కాయితం చూసే చేసిన, అని కూడా అన్నాడు. ఆమెకు సంగీతం నేర్పిన ఆయన రాసిచ్చిన ఆ కొలతల కాగితం సంగతి ఆమె అడగనే లేదు. అడగని దానికి కూడా అబద్ధం జవాబిచ్చి, భయం ఆమెదే అని ఆమె నెత్తి మీదే పెట్టి, ఎర్ర గుర్తు మీద వేలు నొక్కేశాడు.

బిడ్డ వర్ష సికింద్రాబాద్‌లో ఉంది, తల్లి సుచరిత తోడు పోయింది, నిన్న పొద్దున బాన్సువాడ బస్టాండులో ఇద్దరికీ కిటికీ పక్క సీటు వెతికి ఎక్కించింది ప్రభుదాసే. సంగీతం టీచర్ల కోర్సులో చేరడానికి పరీక్ష. ఉన్నవి నాలుగు సీట్లు. పదకొండు గంటలకు వర్ష పేరు పిలుస్తారు, పియానో ముందు పన్నెండు నిమిషాలు. పావు తక్కువ పదకొండుకే పిల్లలను లోపలికి తీసుకుంటారట, ఆ తర్వాత తల్లితో కూడా మాట ఉండదట. అంటే ముప్ఫై అయిదు నిమిషాలు. ముప్ఫై అయిదు నిమిషాల్లో ఒక తలుపు రెక్కను రందా పట్టి నునుపు చెయ్యొచ్చు. నోరు తెరవొచ్చు. తెరవకపోనూ వచ్చు. బయట ట్రాక్టరు ఒకటి డబ్బాలో పాట పెట్టుకుని పోతోంది, దాని వెనక ఆటో హారన్, ఆ వెనక ఇంకో హారన్, ఊరికి ఏమీ కానట్టే ఉంది, ఊరికి ఏమవుతుంది కనుక.

తను చేసిన చెక్క పియానో ఎదురుగానే ఉంది. ముందు గదిలో కిటికీ కింద, గోడ పొడవునా, పూల దుప్పటి కప్పుకుని. నిరుడు వానాకాలంలో మొదలుపెడితే యాసంగి నాట్లకు పూర్తయింది. ఎనభై ఎనిమిది మెట్లు. కూల్చేసిన ఇంటి దర్వాజా టేకు, నలభై ఏళ్ళు ఎండిన చెక్క, ఇక వంగదు, ఉబ్బదు. తెల్ల మెట్ల పైన సన్‌మైకా, నల్ల మెట్లకు జిట్రేగి చెక్క. మెట్టు ఊగడానికి సైకిలు పుల్లలు. నొక్కిన మెట్టు మళ్ళీ లేవాలంటే వెనక కొసన బరువుండాలి, దానికి నిజాంసాగర్ పోయి చేపల వాళ్ళ దగ్గర వలలకు కట్టే సీసం గుండ్లు తెచ్చాడు. చెక్క మీద చెక్క పడి ఠకఠకలాడకుండా కింద గొంగడి ముక్కలు పరిచాడు. మోత మాత్రం లేదు. మోత బిడ్డ చెవిలోది. ఫోనులో పాట పెట్టుకుని, చెవుల్లో ఇయర్‌ఫోన్లు దోపుకుని, ఆ పాట మీద వేళ్ళు నడిపేది. బయటివాళ్ళకు వినపడేది టక్, టక్‌టక్, టక్, వడ్రంగి పిట్ట పొడిచినట్టు. చాయ్ హోటల్లో నవ్వారు. “ప్రభన్నా, నీ పియానో మౌనవ్రతం పట్టిందటగా?” “దానికి నోరు పెట్టుడు మర్చిపోయినవానె?” నవ్వనీ. వాళ్ళలో ఎవడు ఎనభై ఎనిమిది చెక్కలను ఒక్క తీరుగా కోసి, ఒక్క తీరుగా ఊగేట్టు చేశాడు? చాయ్ గ్లాసు ఊగకుండా పట్టుకోవడం రాదు ఒక్కడికీ.

ఒక్క తీరుగానే ఉన్నాయి. అదే చావు. ఒకటి తప్పితే బిడ్డకు తెలిసేది, అన్నీ ఒకే తీరుగా తప్పితే వేళ్ళకు అదే నిజం అయిపోతుంది. ఈ ఊళ్ళో పియానో ఎక్కడుంది సరిచూసుకోవడానికి? చర్చిలో బ్యాటరీ కీబోర్డు పిల్లల బొమ్మ లాంటిది, దాని మెట్లు ఇంకా సన్నం. హార్మోనియం ఉంది. హార్మోనియం. పదీ పద్నాలుగు.

పుల్లతో కొలవడం వజీర్ మిస్త్రీ నేర్పాడు. ఏడో తరగతి విడిచిపెట్టి ఆయన దగ్గర పనికి పోయినప్పుడు చేతిలో టేపు పెడితే అంగుళంలో చిన్న గీతలు చూసి తను బిత్తరపోయాడు, అవి లెక్కల పుస్తకంలోంచి లేచి వచ్చినట్టే కనపడ్డాయి. వజీర్ నవ్వి టేపు లాక్కుని వెదురు పుల్ల ఇచ్చాడు. “టేపుల నంబర్లుంటయ్ బేటా, నంబర్లు తలకాయలకెల్లి జారిపోతయ్. పుల్ల మీద గీత ఉంటది, గీత ఏడికీ పోదు.” కిటికీకి ఒక పుల్ల, మంచానికి ఒక పుల్ల, ఇంటింటికీ పుల్ల. మూలన ఇప్పటికీ కట్టలు కట్టలుగా ఉన్నాయి. ముప్ఫై ఏళ్ళలో ఏ పుల్లా మోసం చెయ్యలేదు. ఇదీ చెయ్యలేదు. హార్మోనియం మీద ఆనించి గీత పెడితే హార్మోనియం గురించి నిజమే చెప్పింది.

ఆ హార్మోనియమే ఎందుకు? ఎందుకంటే ఏంటి, ఎందుకో ఆయనకు తెలియదా? పన్నెండేళ్ళప్పుడు, ఆదివారం ఆరాధన అయిపోయి అందరూ పోయాక, దాని మూత తీసి లోపలికి చూశాడు. వాయించలేదు. ఏసు సాక్షిగా ఒక్క మెట్టు నొక్కలేదు. మెట్టు కింద ఏముందో, నొక్కితే ఎక్కడ లేస్తుందో, గాలి ఎటు పోతుందో చూస్తున్నాడు, తల లోపలికి పెట్టి, పాత చెక్క వాసన, ఇత్తడి వాసన, ఇప్పటికీ ముక్కులో ఉంది ఆ వాసన. వెనక నుంచి వెంకట్రావు టీచర్. చర్చికి పెద్ద, బడికి పెద్ద. “చెయ్యి చాపు.” చాపితే అరచెయ్యి కాదు, తిప్పించి కణుపుల మీద కొట్టాడు, చెక్క స్కేలుతో, అంచు మీదుగా. “కలుపు తీసే చేతులివి, కలుపు తియ్యనియ్యి.” పక్కన వాళ్ళ కొడుకు, ఇప్పటి హరనాథబాబు, తెల్ల సాక్సు వేసుకుని, పాటల పుస్తకం గుండెకు పట్టుకుని చూస్తూ నిలబడ్డాడు. మర్నాడు బడికి పోలేదు, ఆ మర్నాడూ పోలేదు, ఎవరూ రమ్మనలేదు. ఎన్నేళ్ళయింది, కుడి చేతి నడిమివేలు కణుపు ఇంకా వాన పట్టే ముందు సలుపుతుంది. రంపం పట్టినప్పుడు సలపదు.

అదే హార్మోనియం నిరుడు తన ఇంటికి వచ్చింది. చెదలు పట్టిందని, బాగుచెయ్యమని, ఇద్దరు మోసుకొచ్చి ఈ బల్ల మీదే పెట్టారు. మూడు రోజులుంది. ఆ మూడు రోజులు ఎవడి ఆజ్ఞా లేకుండా మూత తీశాడు, లోపల చూశాడు, మెట్టు మెట్టూ పీకి తడిమాడు, మూడో రోజు పుల్ల ఆనించి ఏడు తెల్ల మెట్ల వరుసకు గీత పెట్టాడు. గీత పెడుతుంటే, ఇదే కొలత నా ఇంట్లో నా బిడ్డకు, ఏడు వరుసలు, మీకు మూడే ఉన్నాయి రా, అని లోపల ఎవడో అరిచాడు. ఎవడికి వినిపించాలని? వెంకట్రావు పోయి పన్నెండేళ్ళు.

హరనాథబాబు వచ్చాడు ఆ తర్వాత. బిడ్డకు సంగీతం చదవడం నేర్పింది ఆయనే, కాదనేది లేదు, వారానికి రెండు సాయంత్రాలు, విసుక్కోకుండా. గుమ్మంలోనే నిలబడి, “ప్రభుదాస్, హైదరాబాద్‌ల మా చుట్టాలింట్ల పాత కీబోర్డు ఊకెనే పడున్నది, తెప్పిస్త” అన్నాడు. “మాకొద్దు బాబుగారూ.” “ఊకె పడున్నదే.” “ఊకె పడున్నయి మాకెందుకు? నేను చేస్తున్న.” ఆయన ఒకసారి లోపలికి చూసి, మరి అట్లయితే అని, వారం తిరక్కముందే మడిచిన కాగితం ఒకటి తెచ్చాడు. పియానో కొలతలు రాసుకొచ్చాను, ఒకసారి చూసుకో, అని చేతికిచ్చి పోయాడు. ఆ మర్యాదే మండించింది. వాళ్ళ నాయన స్కేలు తెస్తే వీడు కాగితం తెచ్చాడు. ఇప్పుడు కూడా వీళ్ళు చెప్తే నేను కొలవాలి. ఆ రోజే పియానో బల్లకు కాళ్ళు బిగించాడు. ఎడమ వైపు కాలు నేల గుంటలో ఊగింది. చేతిలో ఉన్న కాగితాన్ని విప్పి చూడకుండానే ఎనిమిది మడతలు పెట్టి కాలి కింద దోపాడు. కుదురుగా కూర్చుంది. ఎనిమిది నెలలు బిడ్డ దాని మీద వేళ్ళు నడిపింది, ఒక్కసారి కూడా ఊగలేదు.

పదీ ఇరవై. తీశాడు. మోకాళ్ళ మీద వంగి, భుజంతో బల్ల అంచు ఎత్తి, గోటితో లాగాడు, మడతల దగ్గర కాగితం చిరిగింది, చెమ్మకు అక్షరాలు పారాయి, అయినా చదవొచ్చు, టీచరు కొడుకు దస్తూరీ, ముత్యాలు. ఒక్కో వరుసకు ఆరున్నర అంగుళాలు. మెట్టు పొడవు, నల్ల మెట్టు ఎత్తు, అన్నీ బొమ్మ గీసి. అడుగున గీత కొట్టి ఒక మాట: ‘హార్మోనియం కొలత తీసుకోకు ప్రభుదాస్, అది సన్నగా ఉంటుంది.’ పేరు పెట్టి రాశాడు. పేరు పెట్టి. టేపు తీసుకుని దుప్పటి లాగేసి వరుస మీద పెట్టాడు. ఆరు. పక్క వరుస. ఆరు. ఏడింటికీ పెట్టాడు, ఎక్కడైనా ఒకచోట ఎక్కువ వస్తుందేమో అన్నట్టు, పనితనం అంత బాగుంది మరి, అన్నీ ఆరే. వరుసకు అర అంగుళం తక్కువ. ఎడమ చెయ్యి రెండు వరుసలు దూకే చోటు ఒకటుంది ఆ పరీక్ష పాటలో. ఆయనకు పాట తెలియదు, దాని చెక్క చప్పుడు తెలుసు, టక్‌టక్ టక్‌టక్ అని నడిచి నడిచి చివర్న ఎడమ చెయ్యి అంత దూరం పోయి ఠప్ మని గొళ్ళెం పడ్డట్టు పడుతుంది, ఆ మెట్టుకు సీసం కాస్త ఎక్కువ పడింది. రెండు వరుసలకు అంగుళం. అంగుళమంటే పియానో మీద ఒక మెట్టు దాటి. అంటే గొళ్ళెం పక్క మెట్టు మీద పడుతుంది. నలుగురి ముందు, ఎనిమిది నెలలు పొద్దునా సాయంత్రం నేర్చుకున్న చెయ్యి నమ్మకంగా పోయి తప్పు మెట్టు మీద పడుతుంది. అప్పుడు బిడ్డ ఏమనుకుంటుంది? భయపడ్డాననుకుంటుంది. నాన్న చెప్పనే చెప్పాడుగా.

“ఏందిరా ప్రభూ, గోడకు మేకు కొట్టినట్టు గట్లనే నిలవడ్డవ్?”

బషీరున్నిసా. వజీర్ మిస్త్రీ భార్య, పక్క సందులోనే ఇల్లు, రెండు రోజులకొకసారి కోళ్ళ గూట్లో పరవడానికి రందా పొట్టు తీసుకుపోతుంది. గంప చంకలో పెట్టుకుని గడపలో నిలబడింది.

“ఏం లేదు ఖాలా.”

“ఏం లేకుంటే పొట్టేది? పొద్దుగాలకెల్లి రందా చప్పుడే లేదు. దువా చేసుకుంట కూసున్నవా ఏంది? దువా నేను చేస్తున్న గదా వర్ష కోసం, నువ్వు పని చెయ్యి. నా కోళ్ళు తడి నేల మీద పండుకుంటున్నయ్.”

“ఖాలా, మిస్త్రీ ఎన్నడన్న కొలత తప్పిండా?”

ఆమె గంప దించి, ఈ ప్రశ్న ముప్ఫై ఏళ్ళ కింద అడగాల్సింది అన్నట్టు చూసింది. “తప్పకేం, మనిషే గదా, ఫరిష్తా ఏం కాదు. రుద్రూర్ల లగ్గం ఇంటికి దర్వాజా చేసిండు, రెండు వేళ్ళంత పొట్టి. ఆల్లకు తెల్వనే తెల్వదు, బండి మీద ఏసుకపోయిండ్రు. ఈయనకు రాత్రంత నిద్ర లేదు, పొద్దుగాల్నే సైకిలెక్కి పోయి చుట్టాలందరి ముంగట, గల్తీ నాది, దర్వాజా పొట్టిగున్నది అన్నడు. పటేలు నోటికొచ్చిన తిట్లన్ని తిట్టిండు.”

“తిడితే?”

“తిడితే ఏముంది, తిట్లు తిన్నడు, అన్నం తిన్నడు, మటన్ మస్తుండె అనుకుంట వచ్చిండు.”

“ఆల్లకు తెల్వదన్నవ్ గదా. ఎందుకు చెప్పుడు మరి?”

“అరె పాగల్, దర్వాజా నిలవెట్టినంక చెప్తే గోడ పలగ్గొట్టాలె గదరా. ముందుగాల చెప్తే ఒక్క చెక్కతోని పోతది.” మూలన ఉన్న పాత పొట్టే గంపకెత్తుకుని, కొంగు దులుపుకుని, “అయితే నువ్వేం తప్పినవ్?” అంది. ఆమె దుప్పటి లేని మెట్ల వంక, నేల మీది కాగితం వంక చూసి, ఇంకేమీ అడగకుండా పోయింది.

పదీ ముప్ఫై రెండు. ఫోను చేతిలో ఉంది. చెప్తే ఏమవుతుంది? ఉన్న ధైర్యమూ పోతుంది పిల్లకు. ఇప్పుడు చెప్పడమే తప్పేమో. చెప్పకపోవడమే మంచిదేమో, పిల్ల తెలివైనది, వరండాలో ముట్టుకుంది కదా, వేళ్ళే సర్దుకుంటాయి. ఈ మాట ఎంత తియ్యగా ఉందో అంత దొంగమాట అని ఆయనకే తెలుస్తోంది, సందు పడ్డ జాయింటులో రంపప్పొట్టు, జిగురు కలిపి కూరి పైన పాలిష్ కొట్టే దొంగ మిస్త్రీల మాట. తను ఎన్నడూ కూరలేదు. తను వేరు. తను చదువుకోలేదు కానీ తన చేతి పని అబద్ధం ఆడదు, ఇదొక్కటే కదా ఇన్నేళ్ళుగా తల ఎత్తి తిరగడానికి మిగిలింది, ఇది కూడా బిడ్డ చేతిలో పెడితే ఇక ఏముంటుంది? కలుపు తీసే చేతులు. హరనాథబాబుకు తెలుస్తుంది. తెలిసి ఏమీ అనడు. అనకుండా ఉంటాడు చూడు, అది భరించాలి. పదీ ముప్ఫై ఆరు. నొక్కాడు. మోగుతోంది. మోగి మోగి ఆగింది. మళ్ళీ నొక్కాడు, లైను బిజీ. మళ్ళీ. చెమట బొటనవేలికి అంటి తెర కదలడం లేదు, అంగీకి తుడిచి మళ్ళీ. పదీ నలభై.

“ఏందయ్యా, ఈడ లైన్ల నిలవడ్డం, పిలుస్తుండ్రు” అంది సుచరిత.

“పిల్లకియ్యి.”

“అది దమ్ము తీసుకోనియ్యి జర…”

“ఇయ్యి సుచరితా.”

చెయ్యి మారిన చప్పుడు. “నాన్నా?”

“బిడ్డా, నీ భయం కాదు. మెట్లు సన్నగనే ఉన్నయ్. నేనే తప్పు చేసిన. హార్మోనియం కొలత పెట్టిన.”

అవతల ఎవరో పేర్లు చదువుతున్నారు. బిడ్డ ఊపిరి వినపడింది. ఇప్పుడు ఏడుస్తుంది అనుకున్నాడు. ఏడవలేదు. “ఎంత?” అంది.

“వరుసకు అర అంగుళం. ఎడమ చెయ్యి దూకే కాడ అంగుళం. నీకు అలవాటైన కాడ ఆగకు, ఇంకో మెట్టు దాటి పో. కూసోంగనే ముందుగాల ఆ దూరం ఒక్కసారి చెయ్యితోని కొలుసుకో, కొట్టకు, ఉత్తగ ఆనించి చూసుకో.”

“కాయితం చూసి చేసిన అన్నవ్ గదా ఇందాక?”

“చూడలే. కాలు కింద పెట్టిన.”

“ఏ కాలు కింద?”

“బల్ల కాలు కింద.”

“నాన్నా నువ్వు…” అంది, ఆ తర్వాత మాట ఏమిటో, తిట్టో, నవ్వో, ఎవరో ఆడ గొంతు పేరు పిలిచింది, ఫోను కట్టయింది. పదీ నలభై మూడు.

ఇక ఆ గంటలో మిగిలిన నిమిషాలకు లెక్క లేదు. కూర్చున్నాడు, లేచాడు, కూజాలో నీళ్ళు వంచుకుని తాగడం మర్చిపోయి గ్లాసు కిటికీలో పెట్టాడు. నువ్వు, అని ఆగింది. నువ్వు ఏంటి? నువ్వు మొండోడివి. నువ్వు మూర్ఖుడివి. నువ్వు ముందే చెప్పాల్సింది. ఏదైనా సరే, వెంకట్రావు అన్నంత మాటైనా సరే, కణుపులు ఎదురుగా ఉన్నాయి కొట్టుకోవచ్చు, ఆ దూకుడు ఒక్కటి సరిగ్గా పడితే చాలు. ప్రార్థన చేద్దామంటే మాటలు రాలేదు, మాటలకు బదులు ఆ చెక్క చప్పుడే వస్తోంది తలలో, టక్, టక్‌టక్, టక్, ఎనిమిది నెలలు ఈ గోడ అవతల చెక్క కోస్తూ విన్నది, దానికి తగ్గట్టు రంపం లాగింది. పదకొండు దాటింది. పదకొండూ ఏడుకు ఫోను వణికింది.

“మాట్లాడకు” అని గుసగుసగా అంది సుచరిత. “కిటికీ కాడ పెడుతున్న. విను.”

మొదట గాలి. తర్వాత ఎవరిదో దగ్గు. తర్వాత అది. ఆయనకు మొదట ఏమీ అర్థం కాలేదు, వేరే పిల్లదేమో అనుకున్నాడు, నీళ్ళ లాంటిదేదో, కాలువ వదిలినప్పుడు మొదటి నీరు ఎండిన మట్టిలోంచి వచ్చినట్టు. తర్వాత దాని కింద, ఎముక లాగా, టక్‌టక్ టక్ కనపడింది, అదే నడక, అదే తొందర, మూడోసారి తిరిగేటప్పుడు బిడ్డ ఎప్పుడూ కొంచెం వెనక్కి లాగుతుంది, లాగింది. ఇదా. ఇన్నాళ్ళు ఆ చెక్క లోపల ఉన్నది ఇదా. ఆయన లేచి మెట్ల ముందుకు వచ్చాడు, ఫోను చెవికి గట్టిగా అదుముకుని, రెండో చెయ్యి మెట్ల మీద ఉత్తగా ఆనించాడు, నొక్కలేదు. వస్తోంది. ఆ చోటు వస్తోంది. టక్‌టక్ టక్‌టక్, ఇక ఇప్పుడు ఎడమ చెయ్యి లేచి ఉంటుంది, గాల్లో ఉంటుంది, ఇంట్లో అయితే ఈపాటికి పడేది, పడలేదు, ఇంకా పడలేదు, ఆ సందులో ఆయనకు అలవాటైన మెట్టు, దాని పక్కన ఇంకో మెట్టు, దాటుతున్న బిడ్డ చిటికెన వేలు, అన్నీ కనపడ్డాయి, తర్వాత పడింది. లోతుగా, గుండ్రంగా, గది మొత్తం పట్టుకుని మోగింది. అదే అవునో కాదో చెప్పడానికి ఆయనకు సంగీతం రాదు. కానీ తర్వాతి నడక తడబడలేదు. తప్పు మెట్టయితే బిడ్డ తడబడేది, తనకు తెలుసు.

పాట అయిపోయింది. కుర్చీ జరిపిన చప్పుడు. తలుపు. సుచరిత ఫోను మళ్ళీ చెవి దగ్గరికి తెచ్చుకుంది.

“వినవడ్డదా?”

“ఆ.”

“మంచిగ కొట్టింది గదా. ఏడ ఆగకుంట కొట్టింది.”

“ఒక్కకాడ ఆగింది.”

“ఏడ? నాకైతే తెల్వలే. ఆల్లు గూడ ఏం అనలే, రాసుకున్నరు గంతే.”

ఆయన చెయ్యి తీసేశాడు. కాగితం లేని కాలు గుంటలోకి దిగి, ఎనభై ఎనిమిది మెట్లూ ఎడమ వైపుకు ఒకసారి ఒరిగి ఆగాయి.

“నాకు తెలుసు” అన్నాడు ప్రభుదాస్.